నా భార్యను అడగని మాట

నా భార్య వద్దన్నందువల్లే ఆపరేషన్ చేయించుకోలేదని రెండు కుటుంబాల పెద్దల ముందూ చెప్పాను. అది అబద్ధం.

షుగర్ వల్ల నా మగతనం దెబ్బతిని అప్పటికి నాలుగేళ్ళు. మాత్రలూ ఇంజెక్షన్లూ పనిచేయలేదు. అంగంలో ఇంప్లాంట్ పెట్టడమొక్కటే మిగిలిందని చెప్పి, "ఈసారి మీ భార్యతో రండి" అన్నాడు డాక్టరు. ఖతర్‌లో, దోహా పక్కనే ముఐథర్‌లో మా ఇంట్లో ఉన్న ఆమెకు ఆఫీసుకని చెప్పి, ఒక్కడినే దోహా ఆసుపత్రికి వెళ్ళాను.

వెయిటింగ్ హాల్లో నా పక్కన బిల్డింగ్ సైటు పని బట్టలతో ఒకాయన కూర్చున్నాడు. జగిత్యాల వైపు మనిషి. ఆయనకూ అదే ఆపరేషన్ చెప్పారట. చేతిలో ఫోన్, అందులో వీడియో కాల్‌లో ఆయన భార్య.

"డాక్టర్ జెప్పేది ఆమె గూడ ఇనాలె గద సార్. నా ఒక్కనితోని అయ్యే పనా ఇది?"

"ఆ సారు ముంగట గవేం మాటలు? సిగ్గు లేదా నీకు?" అని ఫోన్‌లోంచి ఆమె కసిరింది. ఆయన నవ్వాడు.

"మరి మీ మేడం రాలేదా సార్?"

"ఇండియాలో ఉంది."

"అయితే ఫోన్ జెయ్యుండ్రి. లోపట సిగ్నల్ మంచిగనే ఉంటది."

ఇంతలో నన్ను పిలిచారు. నా భార్యకు ఇష్టం లేదని డాక్టరుకు చెప్పి బయటికొచ్చేశాను.

ఆ తర్వాత కూడా ఆమెకు ఏమీ చెప్పలేదు. లావైపోయావని దెప్పుతూ వేరే గదిలో పడుకున్నాను. చివరికి విడిపోయేటప్పుడు, పెద్దలు కారణమడిగితే, డాక్టరుకు చెప్పిందే చెప్పాను. ఆపరేషన్ మాట ఆమె మొదటిసారి విన్నది అప్పుడే. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది.

"అవునండీ, నేనే వద్దన్నాను" అంది వాళ్ళతో.