అంటెనా తిప్పిన సాయంత్రం

మా అత్తమ్మకు అబద్ధం చెప్పాను. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నిజం చెబితే గడప దాటనిచ్చేది కాదు మరి.

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులవి. మిరుదొడ్డి దగ్గర మా ఊరూ ఎక్కింది, మా ఇల్లు తప్ప. అత్తమ్మకు తెలంగాణ వద్దని కాదు, భయం. మొదటిసారి ఉద్యమం లేచినప్పుడు ఆమె తమ్ముడు సిద్దిపేటలో ఊరేగింపుకు పోయి, లాఠీ దెబ్బలకు కాలు విరిగి వచ్చాడు. ఆ కాలు మళ్లీ సరిగ్గా అతకనే లేదు. అందుకే "మనింట్లకెల్లి ఎవ్వలు పోవద్దు" అని ఒకటే మాట.

నేనేమో ఆగలేను. కొండపాకలో ఉండే మా అక్కకు జ్వరమని చెప్పి బస్సెక్కాను. అక్కకు జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఇద్దరం కలిసి వంటావార్పుకు పోయాం. సిద్దిపేట దగ్గర హైదరాబాద్ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించడం. నేను గరిటె తిప్పుతుంటే ఒకతను కెమెరా తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. "ఏడు గంటల వార్తలల్ల వస్తరమ్మా" అన్నాడు. అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తమ్మ తిండైనా మానుతుంది గానీ ఏడు గంటల వార్తలు మానదు.

మా ఇల్లు ఊరి బయట, బావి దగ్గర. ఒక్క ఇంటి కోసం అంత దూరం తీగ లాగనని కేబుల్ అతను ఎప్పుడో చెప్పేశాడు. అందుకే మాకు స్లాబు మీద ఇనుప పైపూ, దాని కొసన అంటెనానే దిక్కు. హైదరాబాద్ నుంచి మా దాకా వచ్చేసరికి బొమ్మ సగం చచ్చేది. మొహాల మీద ఎప్పుడూ ఉప్పు చల్లినట్టు చుక్కలే. గొంతును బట్టి, చీర రంగును బట్టి అత్తమ్మ మనుషుల్ని పోల్చుకునేది.

ఇంటికి రాగానే మా ఆయనకు నిజం చెప్పేశాను. "మా అవ్వకు తెలిస్తే ఇద్దరికీ బువ్వ వెట్టది" అన్నాడు. ఉపాయం కూడా ఆయనదే. తను స్లాబు ఎక్కుతాడు, సిద్దిపేట వార్త రాగానే నేను దగ్గాలి, ఆయన పైపు తిప్పేస్తాడు. ఆ ఉన్న కాస్త బొమ్మా పోతుంది.

ఏడయింది. అత్తమ్మ పీట వేసుకుని టీవీ ముందు కూర్చుంది.

"వాడు మీదికెందుకెక్కిండే?"

"అంటెనా సరిజేస్తుండు అత్తమ్మా."

వార్తల్లో సిద్దిపేట పేరు వినబడింది. ఒక్క దగ్గు చాలు కదా, నేను పేగులు బయటికొచ్చేలా దగ్గాను. పైన పైపు కిర్రుమంది.

అది ఇన్నేళ్లూ తప్పు దిక్కుకు తిరిగి ఉందని ఎవరికి తెలుసు? బొమ్మ పోలేదు, చుక్కలు పోయాయి! ఇప్పుడు మా ఇంట్లో హెచ్‌డీ టీవీ ఉంది, మనుషుల గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అయినా ఆ సాయంత్రం చూసినంత తేటగా నేను ఇంకేదీ చూడలేదు. తెర నిండా నేనే. పక్కన జ్వరమొచ్చిన మా అక్క పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

"పోయిందా?" పైనుంచి మా ఆయన అరిచాడు.

టీవీ ఆపేద్దామని లేచాను. అత్తమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఒరేయ్, గట్లనే వట్టుకో! కదిలిస్తే ఊకోను!" అని కొడుకును కేకేసింది.

కెమెరా రోడ్డు పొడుగునా పోతోంది. పొయ్యి తర్వాత పొయ్యి, అన్నిటి చుట్టూ ఆడవాళ్లే. అత్తమ్మ పీట ముందుకు జరుపుకుంది. వార్త అయిపోయాక కూడా తెరనే చూస్తూ ఉంది.

"గిందరు ఆడోళ్లొచ్చిన్రా?"

"వచ్చిన్రు అత్తమ్మా."

"గప్పుడు మేము సిద్దిపేటల కిరాయికుంటిమి. మా తమ్ముడు పడ్డది మా గల్లీలనే. నీళ్లు, నీళ్లు అని ఎవరో మొత్తుకునుడు ఇనవడ్డది. భయమై నేను తలుపు తీయలే. మొత్తుకున్నది వాడేనని తెల్లారి తెలిసింది."

ఇన్నేళ్లలో ఆమె ఈ మాట ఎవరికీ చెప్పలేదు. కొడుక్కి కూడా. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మళ్లెప్పుడు పోతరు?" అంది.

"నువ్వు వద్దంటే పోను అత్తమ్మా."

"నేను గది అడిగిన్నా? ఎప్పుడు పోతరని అడిగిన."

"దిగాల్నా, వద్దా?" పైనుంచి మా ఆయన గొంతు. పాపం, ఇంకా పైపు పట్టుకునే ఉన్నాడు.

తర్వాతి వంటావార్పు నాడు అత్తమ్మ మాతో వచ్చింది. పొయ్యి దగ్గరికి రాలేదు. నీళ్ల బిందె ముందు పెట్టుకుని రోడ్డు మధ్యన కూర్చుంది. వచ్చినవాళ్లకు, పోయేవాళ్లకు, ఆపిన లారీల డ్రైవర్లకు, లాఠీలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు కూడా, ఎవరూ అడక్కముందే గ్లాసు చేతిలో పెట్టింది.