వెనకవైపు రాగి

మొగల్తూరు దగ్గర మా రొయ్యల చెరువు. కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే వెంటనే తెలియాలి. లేకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయి. కాపలాకి వేరే మనిషి లేక నాన్నగారే చెరువు గట్టు మీద పడుకునేవారు. ఆయనకి ఉబ్బసం. ఈ చలికాలం కూడా అక్కడే పడుకుంటే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు.

పాలిటెక్నిక్ చివరి సంవత్సరంలో ఉన్న నేను గొప్పకి పోయాను. కరెంటు పోగానే ఇంట్లో గంట మోగేలా బ్యాటరీ మీద నడిచే రేడియో బోర్డు చేస్తానన్నాను. చెరువుకీ ఇంటికీ నాలుగు వందల గజాలు కూడా లేవు.

అలాంటి బోర్డు మీద చిప్పు నుంచి యాంటెన్నాకి వెళ్ళే రాగి గీత ఇష్టం వచ్చినంత వెడల్పు ఉండకూడదు. దాని ఇంపిడెన్సు, అంటే సిగ్నలుకి అది ఇచ్చే అడ్డు, యాంటెన్నాకి సరిపోవాలి. లేకపోతే పంపిన శక్తి చాలావరకు వెనక్కి తిరిగొస్తుంది. లెక్క కడితే మూడు మిల్లీమీటర్లు వచ్చింది. రెండు వైపులా రాగి ఉన్న పలక రాజమండ్రి నుంచి తెప్పించి, గోళ్ళరంగుతో గీతలు గీసి, రంగు లేని చోట రాగిని కరిగించేసే ఫెర్రిక్ క్లోరైడులో వేశాను. కాలేజీలో ఒకవైపు రాగి పలకలే వాడేవాళ్ళం. ఆ అలవాటుకొద్దీ రంగు పైవైపే వేశాను. వెనకవైపు రాగి మొత్తం కరిగిపోతే, పలక ఎంత నున్నగా వచ్చిందోనని మురిసిపోయాను కూడా.

మొద్దుమొహాన్ని. నేను కట్టిన లెక్కంతా వెనక రాగి ఉందనే కట్టినది. అది లేకపోతే ఆ మూడు మిల్లీమీటర్లు దండగ.

పొద్దున్న పెరట్లో చూస్తే గంట మోగింది. నాన్నగారు ఊరంతా చెప్పుకుని, మంచం ఇంటికి తెచ్చేసుకున్నారు. మధ్యాహ్నం బోర్డు చెరువు దగ్గర పెడితే ఇంట్లో గంట ఉలకలేదు, పలకలేదు. అప్పటికి గానీ నా తప్పు నాకు తెలియలేదు. ఉన్న చిప్పు ఒక్కటే, ఊడదీస్తే దాని కాళ్ళు విరిగిపోతాయి. బిస్కెట్ డబ్బా రేకు కత్తిరించి వెనక అంటించాను. యాంటెన్నా తీగ మార్చాను. గంట చేత్తో పట్టుకుని చెరువు నుంచి ఇంటివైపు నడిస్తే కాలవ గట్టు దాకా మోగేది, ఇంకో అడుగు వేస్తే ఆగిపోయేది. ఎన్నిసార్లు నడిచానో. పొద్దు వాలుతుంటే ఏడుపు ఆగలేదు.

అన్నం తింటున్న నాన్నగారి దగ్గరికి వెళ్ళి, "నాన్నగారండీ, ఇది ఇంటిదాకా పనిచెయ్యదు. తప్పు నాదే" అన్నాను.

"ఎక్కడిదాకా పనిచేస్తుందమ్మా?"

కాలవ గట్టు దాకా అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని మంచం ఎత్తుకున్నారు. నేను పడుకుంటానంటే ఆడపిల్లవి, వద్దన్నారు. నా గంట ఆఖరుగా మోగే చోటే మంచం వేసుకుని, గంట పక్కన పెట్టుకుని, చెరువులో రొయ్య పట్టుబడి అయ్యేదాకా అక్కడే పడుకున్నారు.

ఇక్కడ పడుకున్నారేంటండి అని ఎవరైనా అడిగితే, "ఇంట్లో ఉక్కగా ఉందండి. మా అమ్మాయి చేసిన గంట మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అనేవారు.

అది పుష్యమాసం. పొద్దున్నే కాఫీ పట్టుకెళ్తుంటే, ఆయన గొంతులో పిల్లికూతలు నాకు దారిలోనే వినిపించేవి.