తెల్లచీర కొసన పసుపు

మొన్న పొద్దున టిఫిన్ ముందు కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. చేసింది ఒకప్పుడు నా దగ్గర నర్సింగ్ చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు ఉప్పల్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సులందరినీ అజమాయిషీ చేస్తోంది, అయినా నాతో మాట్లాడేటప్పుడు ఇంకా మొదటి ఏడు పిల్లలాగే గొంతు తగ్గిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదటిసారి యూనిఫాం వేసుకునే రోజట, ఆ బట్టల కొసన పసుపు పెట్టడానికి నేను వచ్చి తీరాలట. నేను నసిగాను. మావారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు, శుభకార్యమంటే ఒక అడుగు వెనక్కి వేయడం ఈమధ్యనే అలవాటవుతోంది. "మేడమ్, మా నాయనమ్మను మర్సిపోయిన్రా?" అని ఒక్క మాట అడిగి ఫోన్ పెట్టేసింది. ఆవిడను మరిచిపోవడమా! ఇడ్లీ చల్లారేదాకా ఆ రోజుల్లోనే ఉండిపోయాను.

మాది కృష్ణా జిల్లా. మావారికి నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం కావడంతో ఇటు వచ్చి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అక్కడే ఒక ఆసుపత్రికి చెందిన నర్సింగ్ స్కూల్లో టీచరుగా చేరాను. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నర్సు అంటే కేరళ అమ్మాయే. పాపం వాళ్ళకు పనిలో చేయి తిరిగేసరికి గల్ఫ్ వీసా వచ్చేది, మా వార్డులు మళ్ళీ ఖాళీ అయ్యేవి. అందుకని ఏటా వేసవిలో, ఇంటర్ పాసైన చుట్టుపక్కల ఆడపిల్లల్ని ఒప్పించి తెచ్చే పని మా టీచర్ల నెత్తిన పడింది. గొడుగేసుకుని మల్లాపూర్ నుంచి పీర్జాదిగూడ దాకా ఇల్లిల్లూ తిరిగేదాన్ని. చీరలమ్మే మనిషినో చిట్టీల మనిషినో అనుకుని కొందరు తలుపు వేసేవారు, వచ్చిన పని చెప్పాక ఇంకొందరు వేసేవారు. దవాఖానాలో రాత్రి డ్యూటీలేమిటి, పరాయి మగవాళ్ళకు సేవలేమిటి అని వాళ్ళ బెంగ. అయితే తలుపు తీసిన వాళ్ళెవరూ మంచినీళ్ళు ఇవ్వకుండా పంపలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

అలా తలుపు తీసిన ఇంటి పిల్లే ఈ అమ్మాయి. నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. తల్లి లేదు, పెంచిందంతా నాయనమ్మే. తండ్రి జర సోంచాయిస్తమని నాన్చాడు. మందుల కంపెనీ ప్యాకింగులో కూతురికి పని చూసి, అక్కడ మాట కూడా ఇచ్చి ఉన్నాడు మరి. నాయనమ్మే పట్టుబట్టి, పిల్లను తానే చేయి పట్టుకుని తెచ్చి మా స్కూల్లో దింపి వెళ్ళింది.

మొదటి ఆరు నెలలూ పిల్లలు రంగుబట్టల్లోనే వచ్చేవారు. ఆ తరవాత ఒక రోజు అందరూ తెల్లచీరలు కట్టుకుని, తలమీద తెల్ల టోపీ పెట్టించుకుని, చేతిలో దీపం వెలిగించుకుని ప్రమాణం చేస్తారు, అప్పటినుంచే వార్డులోకి ప్రవేశం. మా స్కూలుకదే పండుగ. ఆ రోజు రాకపోతే మళ్ళీ ఏడాది దాకా ఆగవలసిందే. ఈ పిల్ల విషయంలో ఆగడమంటే ప్యాకింగుకు పోవడమే. పండుగకు వారం ముందు తెల్లచీరలు పంచాము, మర్నాటి నుంచి ఆ పిల్ల స్కూలుకు రాలేదు.

గొడుగు తీసుకుని మల్లాపూర్ వెళ్ళాను. తెల్లచీర బియ్యం డబ్బా మీద మడత విప్పకుండా ఉంది, పిల్ల గోడకు ఆనుకుని ఏడుస్తోంది. నాయనమ్మ ఆ చీరను వేలుతో కూడా తాకకుండా చూపించింది.

"టీచరమ్మా, నా మొగడు వోయిన నాడు నాకు గట్టిచ్చిన బట్ట గిది. పెండ్లిగాని పిల్లకు గట్టుమంటవా? సదువు వద్దంటలేను, బట్ట వద్దంటున్న."

తెలుపు మీద చిన్న మరకైనా కనపడుతుంది, అందుకే ఆసుపత్రుల్లో అదే కడతారని నాకొచ్చిన పాఠమంతా అప్పజెప్పాను. ఆవిడ వింది. విని, చివర్లో ఒకటే అడిగింది. "పోనీ, పసుపన్న వెట్టిన్రా దీనికి?"

కొత్తబట్ట కొసన పసుపు పెట్టకుండా మా అమ్మ ఏనాడూ మాకు గౌను కూడా తొడగలేదు. స్కూలు పంచిన చీర గనక అదీ కొత్తబట్టేనని మాలో ఎవరికీ తట్టలేదు. పెడదాం, మీరు రండి అన్నాను. "నా పిల్ల ఒక్కదానికేనా? కడమ పిల్లలు పరాయోళ్ళా?" అంది.

మా ప్రిన్సిపాల్‌గారు కేరళ క్రైస్తవురాలు, యూనిఫాం మీద మరక అంటే ఒంటికాలి మీద లేచే మనిషి. పసుపు మాట ఎత్తగానే కళ్ళజోడు తీసి నన్నొక చూపు చూశారు. నడుం దగ్గర లోపలికి దోపుకునే కొసనే పెడతాం, బయటికి చుక్క కనపడదు అని బతిమాలితే సరేనన్నారు. పండుగ పొద్దున పిల్లలంతా మడతపెట్టిన చీరలు చేతుల్లో పట్టుకుని వరసగా నిలబడ్డారు. నాయనమ్మ పసుపు కలిపిన గిన్నె నా చేతికిచ్చి గోడవారకు పోయింది. "నా చేత్తోని వెట్టొద్దు. నువ్వు వెట్టు" అంది మెల్లగా.

మన పద్ధతులేమీ తెలియని ప్రిన్సిపాల్‌గారు నా చేతిలోంచి గిన్నె తీసుకుని, తిన్నగా వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టేశారు. "ఇక్కడ అందరికన్నా పెద్ద మీరే కదా, మీరే పెట్టాలి" అన్నారు తన పట్టిపట్టి పలికే తెలుగులో. పండుగ చూడవచ్చిన తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మనవరాలు వరసలోంచి ముందుకు వచ్చి చీర కొస చాపింది. ఆవిడ గిన్నెలో వేలు ముంచి పసుపు పెట్టింది. మనవరాలి వెనకాలే ఇంకో పిల్ల, ఆ వెనక ఇంకో పిల్ల. ఏ తల్లీ తన కూతుర్ని వెనక్కి లాగలేదు. ఆ తల్లులకు ఇవాళ్టికీ నేను రుణపడి ఉన్నాను. తను చేసిందేమిటో ఆ సాయంత్రం టీ తాగుతూ చెప్తే, ప్రిన్సిపాల్‌గారు, ముందే తెలిసినా అలాగే చేసేదాన్ని అన్నారు.

ఆ తరవాత ఏటా ఆవిడే వచ్చింది. నాయనమ్మ పసుపు పెడుతుందట అనే మాట ఆ బస్తీల్లో పాకి, తలుపులు వేసిన ఇళ్ళవాళ్ళే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. నా గొడుగు చేయలేని పని ఆవిడ వేలు చేసింది. తెలంగాణ వచ్చిన సంబరం చూసి, ఆపై కొన్నాళ్ళకు మా వార్డులోనే కన్నుమూసింది. చివరి రోజుల్లో మంచం చుట్టూ ఆ తెల్లచీరల పిల్లలు లేకపోతే ఆవిడకు తోచేది కాదు.

ఇప్పుడు గొడుగేసుకుని తిరగక్కర్లేదు, పిల్లలు ఫోన్లోనే దరఖాస్తు పెట్టి వచ్చేస్తున్నారు. తెల్లచీర పోయింది, టోపీ పోయింది. చొక్కా, ప్యాంటు, అదీ ముదురు నీలం. ఆ బట్ట మీద పసుపు పెట్టినా కనపడదేమో. తెలుపుకు భయపడే నాయనమ్మలూ లేరు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లులూ లేరు, ఆ సందడి తలుచుకుంటే మనసు అదోలా అవుతుంది. భయపడేదల్లా ఇప్పుడు నా చేతిని చూసి నేనే.

ఇడ్లీ పక్కన పెట్టి లేచాను. దేవుడి గూట్లో పసుపు గిన్నె ఉంది, చాలా రోజులుగా మూత తీయలేదు. తీశాను. తిరిగి ఫోన్ చేసి, ఎన్నింటికి రావాలే అమ్మాయ్ అని అడిగాను.