బీడీ మీదకు నెట్టిన మంట

మా అత్తవారి ఊరు చీపురుపల్లి దాటాక, కొండ కింద. కొండవాలు మీద వాళ్లకో జీడితోట ఉంది. మాఘం వచ్చేసరికి చెట్ల కింద ఎండాకు పేరుకుపోతుంది. అందులో జీడిపిక్క పడితే ఇక వెతుక్కోవడమే. అందుకే పిక్కలు రాలకముందే ఆకు తగలబెట్టేస్తారు. దానికో పద్ధతుంది: ముందు తోట చుట్టూ నాలుగడుగుల మేర నేల కనపడేలా ఊడ్చాలి, ఆ తర్వాతే నిప్పు.

నేను విజయనగరంలో కాలేజీ లెక్చరర్ని. చీపురు పట్టిన పాపాన పోలేదు. ఆ ఏడాది మావకి నడుం పట్టేస్తే పని అల్లుణ్నైన నా మీద పడింది. అత్త అగ్గిపెట్టె చేతికిచ్చి, చుట్టూ బాగా ఊడ్చమని మరీ చెప్పింది. సగం ఊడ్చి, ఇక చాల్లే అనుకుని పుల్ల గీశాను. మంట నా డిగ్రీలు చూడలేదు. సరాసరి కొండ మీదికి పాకేసింది.

నాలుగు రోజులు ఊరి మీంచి పొగ కదల్లేదు. అత్తకి అసలే ఉబ్బసం. మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులాన్చి, ఒక్కో ఊపిరీ అడిగి తెచ్చుకున్నట్టు తీసేది.

ఎవడో బీడీ పారేశాడని ఊరు తేల్చేసింది. కొండ కాలిన ప్రతిసారీ ఆ బీడీవాడే దోషి. వాణ్ని చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నేనూ సిగ్గులేకుండా టీకొట్టు దగ్గర బీడీల మీద ఉపన్యాసం దంచాను.

ఐదోరోజు ఫారెస్టు గార్డు మా అరుగు మీద కూర్చుని ఆరా తీస్తే, పదిమందీ బీడీ పాటే అందుకున్నారు. అత్త గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"బీడీ కాదు బాబూ. అగ్గిపెట్టె ఇచ్చింది నానే. రాస్తే నా పేరు రాసీ."

ఆపైన ఆయాసంతో మాట రాలేదు. ఎవరికిచ్చిందో చెప్పనే లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. గీసింది నేనేనని, సగమే ఊడ్చానని ఒప్పేసుకున్నాను. పక్కతోట బావ ముందుకొచ్చి, నిరుటి మంట తనదేనన్నాడు. ముందటేడుది ఇంకొకాయన ఒప్పుకున్నాడు. గార్డు రాయడం మానేసి మా మొహాలు చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు తోటలవాళ్లందరం కలిసే ఊడుస్తున్నాం. ఆకంతా గోతుల్లో వేసి ఎరువు చేస్తున్నాం. నిప్పు ఊసే లేదు. నా అరచేతుల్లో బొబ్బలు చూసి మావ మురిసిపోతుంటాడు.

అత్త మాత్రం పడుకుంటే ఊపిరాడక ఆ వేసవంతా గోడకానుకుని కూర్చునే నిద్రపోయింది. పొద్దున్నే లేచి నాకు వేడివేడిగా వడ్డించేది. ఒక్కనాడూ ఆ మంట మాట ఎత్తలేదు.