ఇంజను ఆపకుండా అడిగిన ప్రశ్న

మా నాయన అటక మీది చింతపండు బుట్ట దించబోయి, నిచ్చెన జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. చిత్తూరులో ఆసుపత్రి లేక కాదు, మా ఇళ్లలో ఎముక విరిగితే పుత్తూరు కట్టుకే పోవలసిందే. యుద్ధం రోజులు, పెట్రోలు కూపన్ల మీద దొరికేది. ఆ కూపన్లు దాచిపెట్టుకున్నాం, కారూ ఉంది. కాకపోతే ఆ కారు ముందురోజు నుంచే లోపల సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు చేస్తోంది.

ఆ కారు కొన్నది నేనే. రైసుమిల్లు ఆసామి విసిగిపోయి “తీసుకోని పో, నాకు నీ మొగం కనపడకుంటే చాలు” అనేదాకా బేరమాడాను. బెల్లమైతే విరిచి చూస్తాం, బియ్యమైతే కొరికి చూస్తాం, ఇత్తడి చెంబైతే వేలితో కొట్టి వింటాం. ముందు లోపం చెప్పి తర్వాత ధర అడిగే అంగడివాళ్ల కొంపలో పెరిగినవాణ్ణి. కారు మూత ఎత్తితే మాత్రం నాకు కనిపించింది జిడ్డూ తీగలే. అయినా ఏదో కనిపెట్టినవాడిలా మూతి విరిచాను, ధర దిగింది. ఇప్పుడు నిజంగా లోపం వచ్చింది. విరవడానికి మూతి ఉంది కానీ దాంతో ఇంజను బాగుపడదు.

ముందురోజు పలమనేరుకు ఉప్పు మూటలు వేసుకుని మొగిలి కనుమ ఎక్కుతుంటే మొదలైంది. కదులుతున్నప్పుడు గాలిలో కలిసిపోయి అంతగా తెలియదు. ఎక్కడన్నా నిలిపితే చాలు, టక్కు టక్కుమని సీటుకింద దాకా వస్తుంది.

నాయన్ను చెక్క పలకతో సహా వెనక సీటులో పడుకోబెట్టి, కాలికి అటూ ఇటూ దిండ్లు పెట్టి, దారిలోనే ఉన్న రిపేరు షెడ్డు ముందు ఆపాను. ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ ముందు కడ్డీ పెట్టి తిప్పి లేపాలి, ఆ కుదుపులకు నాయన ప్రాణం పోతుంది.

మేస్త్రీ బయటికి వచ్చి, మూత ఎత్తి కాసేపు విన్నాడు. తర్వాత ఒక్కొక్క ప్లగ్గు తీగ లాగి, మళ్లీ తగిలిస్తూ పోయాడు. మూడో తీగ లాగగానే చప్పుడు సగానికి పడిపోయింది. నాకు పట్టరాని సంతోషమైంది, దొంగ దొరికాడనుకున్నాను. మేస్త్రీ మొహంలో అంత సంతోషం లేదు.

“దీంట్లో రెండు ఉండాయప్పా,” అన్నాడు చప్పుడు మీద గొంతు పెంచి. “పిస్టను పిన్ను అరిగినా ఇట్లే కొడతాది, కింద బేరింగు పోయినా ఇట్లే కొడతాది. పిన్నయితే మద్రాసు దాకా పోయి రావచ్చు. బేరింగయితే పుత్తూరు దారిలో కార్వేటినగరం కొండల్లో రాడ్డు ఇంజను పగలగొట్టుకోని బయటికొస్తాది. పాత సద్దా, కొత్త సద్దా? అది చెప్పండి.”

నేను నోరు తెరిచేలోపు వెనక సీటులోంచి నాయన అన్నాడు: “కొన్ననాటి నుంచీ ఉండాదప్పా. దానికి అలవాటే. అంతా ఇప్పేసి కూలి లెక్కగట్టేవు, ఊరికే బిగించి పంపు.”

చెమటతో తడిసిపోయి, పళ్లు బిగబట్టుకుని కూడా బేరమే. లోపం కొత్తదని ఎదుటివాడికి తెలిస్తే ధర పెరుగుతుందని ఆయన నమ్మకం. పైగా ఇంజను విప్పితే ఈరోజు పుత్తూరు చేరమన్న భయం కూడా ఉండి ఉంటుంది. బేరం నడుస్తున్నప్పుడు పెద్దవాళ్ల మాటకు అడ్డం రాకూడదన్నది మా అంగడిలో దేవుడి పటం కంటే పాత కట్టుబాటు. అడ్డం వస్తే ఆ పూట అన్నం కూడా నిశ్శబ్దంగా తినాలి.

మేస్త్రీ తలూపి, పాతదైతే భయం లేదని మూత దించబోయాడు. నేను ఆయన పక్కకు చేరి చెవిలో చెబుదామని చూశాను. ఇంజను మోతలో నా గుసగుస నాకే వినపడలేదు. కళ్లతో సైగ చేశాను. ధర తగ్గించమంటున్నాననుకుని ఆయన నవ్వి, “ఏమొద్దులేప్పా, పోండి” అన్నాడు. ఆ చప్పుడును దాటి ఆయనకు నిజం చేరాలంటే అరవాలి. అరిస్తే నాయనకూ చేరుతుంది. తలెత్తి కిటికీలోంచి నాయన నన్నే చూస్తున్నాడు.

“నిన్నటి నుంచే!” అని అరిచాను.

నాయన కళ్లు మూసుకున్నాడు. అంగడి తాళాలు ఎవరికో ఇచ్చేసినట్టుంది ఆయన మొహం.

మేస్త్రీ ఇంజను ఆపేశాడు. నాయన్ను పలకతో సహా ఇద్దరం షెడ్డులోకి మోశాక కారు కిందకు దూరాడు. నూనె దించి, అడుగు తొట్టి విప్పి, బేరింగు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. లోపలి మెత్తని లోహం అప్పడంలా పెళుసెక్కి రాలిపోతోంది. కొత్తది మద్రాసులోనూ దొరకని కాలం. పక్కన పడి ఉన్న ఇంకో ఇంజనుది తీసి, గీకి, అమర్చి, తిప్పి చూసి, మళ్లీ విప్పి గీకాడు. ఎంత గీకాలో, ఎప్పుడు చాలో నాకు తెలియదు. అడిగితే “చేతికి తెలుస్తాదప్పా” అన్నాడు. నా చేతిలో విసనకర్ర తప్ప ఏమీ లేదు. నాయన కాలు నా కళ్ల ముందే గుమ్మడికాయలా ఉబ్బుతోంది.

సాయంత్రానికి ఒకసారి నాయన అన్నాడు, నావైపు చూడకుండా: “నీ నిజం బాగుండాది రా. కాలు నాది.”

పని ముగిసేసరికి పొద్దు గుంకింది. యుద్ధం కట్టడికి సగం మూసిన ముసుగు దీపాలతో కొండదారి వద్దని మేస్త్రీ ఆపేశాడు. తెల్లవారి బయలుదేరాం. కార్వేటినగరం దగ్గర పశువుల మంద అడ్డం వచ్చి కారు నిలిపాను. ఇంజను మెత్తగా తిరుగుతోంది. చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో నాయన మూలుగు మొదటిసారి స్పష్టంగా వినిపించింది. నాయనా, చూసినావా అని అడగబోయి ఊరుకున్నాను. విప్పకపోతే ఆ కొండల్లో ఆగిపోయేవాళ్లమో, నిన్న మధ్యాహ్నానికే పుత్తూరు చేరేవాళ్లమో ఎవరు చెప్పగలరు?

పుత్తూరులో కట్టు కట్టే ఆయన కాలు చూసి, ఎప్పుడు పడ్డాడని అడిగాడు. నాయన నావైపు చూశాడు. నిన్న పొద్దున అన్నాను.

“నిన్ననే వచ్చుంటే నేరుగా కూర్చేవాణ్ణి,” అన్నాడాయన. “ఇప్పుడు కండ బిగిసింది. కడతాను. సమంగా వస్తాదని మాట ఇవ్వను.”

నాయన ఆయన చెయ్యి పట్టుకుని, నడిస్తే చాలప్పా అన్నాడు. ఎంతవుతుందని అడగలేదు. నేనూ అడగలేదు. కట్టు కట్టే ఆయన చెప్పినట్టు నాయన భుజాలు రెండూ నేలకు అదిమిపట్టి, మొహం పక్కకు తిప్పుకున్నాను.