తర్వాతి మాట ఆమెదే

జర్మనీలో డార్మ్‌స్టాట్ దాటాక మా రైలు వానలో ఆగిపోయింది. ఎదుటి సీటులో ఒకామె పెదవులు కదుపుతూ ఏదో నాటకం చదువుకుంటోంది. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విన్నట్టుంది.

"ఏమనుకోకున్రి అన్నా, ఇందుల తమ్ముని పాత్ర జర మీరు చదువుతరా?" అంది.

ఇప్పటి ఐరిష్ నాటకాలంటే ఆమెకు పిచ్చి. ఒక్క వంటింట్లోనే కథంతా నడుస్తుందట, నవ్విస్తూనే గుండె పిండేస్తుందట. ఇంట్లో ఆమె, భర్త చెరో పాత్ర చదువుకునేవాళ్ళట.

"ఆయన పోయిండు. రెండు గొంతులు నేనే చదివితే కుదురుతలేదు."

నేను తమ్ముణ్ణయ్యాను. చదివే ఊపులో, మాటల మధ్య బ్రాకెట్లో ఉన్న 'సైలెన్స్'ని కూడా గట్టిగా చదివేశాను.

"అది చదివేది కాదన్నా," అంది మెల్లగా. "అక్కడ ఊకుండాలె."

ఇద్దరం ఊరుకున్నాం. అద్దం మీద వాన జారుతోంది. తర్వాతి మాట ఆమెదే. రైలు కదిలింది, ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చింది. ఆమె ఆ మాట అనలేదు. పుస్తకం మూసి, తలూపి దిగిపోయింది.

ఇప్పుడు మా ఆవిడ మాట మధ్యలో ఆగిపోతే, నా చేయి మునుపటిలా ఫోను మీదికి పోనివ్వను.