ఏడు సంతకాల నడక

వాన పడిన రోజు స్టాంపు ప్యాడ్ వాసన ఎక్కువగా వస్తుంది. ఇవాళ మధ్యాహ్నం సొరుగు లాగి ఊదారంగు సిరా ప్యాడ్ మూత తీయగానే ఆ వాసన తగిలి నా చెయ్యి కాసేపు ఆగిపోయింది. బల్లకు అవతల మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. చేతిలో టీసీ కోసం రాసిన దరఖాస్తు. "ఇవాళే అయిపోతుందా మేడం?" అని అడిగింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. నాకంటే ముందు ఇరవై ఏళ్ళకు పైగా ఈ కుర్చీలో కూర్చున్న రూతమ్మ గారు పోయి రెండు నెలలయింది. ఉంగుటూరులో ఆవిడ సమాధి దగ్గర రెండు మాటలు చెప్పమని పాస్టరు గారు నన్ను అడిగారు. చెప్పలేకపోయాను. ఆవిడను ఎరగని వాళ్ళకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో ఆ రోజు తెలియలేదు. ఈ దరఖాస్తు చూశాక తెలిసింది.

తాడేపల్లిగూడెంలోని మా విశ్వవిద్యాలయంలో రూతమ్మ గారు పాఠాలు చెప్పలేదు. విద్యార్థి సంక్షేమ విభాగంలో సీనియర్ అసిస్టెంటు. పిల్లలు దాన్ని వెల్ఫేర్ సెక్షన్ అంటారు. బస్సు పాసు, స్కాలర్‌షిప్, హాస్టల్ గదిలో తగవు, జ్వరం, ఇంటి మీద బెంగ, తరగతి బయట వచ్చే ఏ ఇబ్బందైనా ఆ కిటికీ దగ్గరికే చేరేది. ఆవిడ సన్నగా, పొట్టిగా ఉండేవారు. నేత చీర, చేతిలో నల్ల గొడుగు. కుడి మోకాలు నొప్పని చాలా మెల్లగా నడిచేవారు. ఎవరైనా వచ్చి ఫలానా ఆఫీసు ఎక్కడండీ అని అడిగితే వేలు పెట్టి చూపించడం ఆవిడకు అలవాటు లేదు. చేస్తున్న పని ఆపి, గొడుగు తీసుకుని, వాళ్ళతోపాటు బయలుదేరేవారు. అందుకే ఆవిడ బల్ల మీద కాగితాలు ఎప్పుడూ వెనకబడి ఉండేవి. బస్సు పాసులు ఆలస్యమయ్యాయని విసుక్కున్న పిల్లలూ ఉన్నారు. "మీరిలా అందర్నీ దిగబెట్టే బదులు ఓ ఆటో కొనుక్కోవచ్చు కదండీ?" అని అటెండరు శ్రీనివాసు ఏడిపించేవాడు. "ఆటో అయితే తొందరగా చేరిపోతారయ్యా" అనేవారు ఆవిడ. సరదాకి అంటున్నారనుకునేవాళ్ళం.

నేను ఆవిడను మొదట చూసింది టీసీ కోసమే. మాది కొల్లేటి లంక గ్రామం. నాన్న చేపల చెరువు మీద కాపలా. ఇంటర్ తరువాత ఊరు దాటి చదవడానికి వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. వచ్చేటప్పుడు అమ్మ ఒక డబ్బాలో ఎండు చేపలు పెట్టి ఇచ్చింది. హాస్టల్లో ఒకరోజు ఎవరో ఆ డబ్బా మూత తీశారు. సాయంత్రానికి మా గది తలుపు మీద సుద్దముక్కతో "కొల్లేరు పొంగింది, ముక్కు మూసుకోండి" అని రాసి ఉంది. నేను తుడిచేశాను. మర్నాడు మళ్ళీ రాశారు. తరగతిలో ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు, గదికి వస్తే ఈ రాత. రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా ఉండి, ఒక మధ్యాహ్నం దరఖాస్తు రాసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. రూతమ్మ గారు చదివి, ఎందుకని అడగలేదు.

"ఏడు చోట్ల సంతకాలు కావాలమ్మా. పద, నేనూ వస్తాను."

"నేను వెళ్తానండీ. మీకెందుకు శ్రమ?"

"నన్ను నడవమని డాక్టరు చెప్పాడులే. మెల్లగా వెళ్దాం. నాకు మోకాలు నొప్పి."

అన్నిటికంటే దూరంగా ఉన్న ఆటల గదికి ముందు తీసుకెళ్ళారు. దారిలో అడిగిందల్లా, ఈ ఏడు కొల్లేటికి గూడబాతులు వచ్చాయా అని. వచ్చాయన్నాను. ఎక్కడ దిగుతాయి, ఏం తింటాయి, పిల్లల్ని ఎలా మేపుతాయి అని ఒక్కొక్కటే అడిగారు. రెండు నెలలుగా ఎవరితోనూ అన్ని మాటలు మాట్లాడలేదు నేను. ఆటల సారు కాగితం తిరగేసి, "ఈ అమ్మాయి అసలు ఇక్కడికి ఎప్పుడూ రాలేదండీ. ఏమని సంతకం పెట్టమంటారు?" అన్నారు. "రాలేదనే పెట్టండి. అదీ నిజమే కదా" అన్నారు రూతమ్మ గారు. అక్కడి నుంచి ల్యాబు, డిపార్ట్‌మెంటు, డిస్పెన్సరీ. ప్రతి చోటా కుర్చీ అడిగి కూర్చుని, మోకాలు రుద్దుకుని లేచేవారు.

అయిదోది మెస్సు. సూపర్‌వైజరు సత్యనారాయణ గారిది తాడేపల్లిగూడెం బజారులో తరతరాలుగా కిరాణా కొట్టు నడిపే కుటుంబం. ఆయన చేప ముట్టరు. కానీ ఆదివారం పులుసు బాగా లేదని పిల్లలు తిట్టేది ఆయన్నే. నాది కొల్లేరని రూతమ్మ గారు చెప్పగానే ఆయన సంతకం సంగతి మరిచిపోయారు.

"కొల్లేటి పిల్లవా? అయితే చెప్పమ్మా, మా పులుసులో ముక్క ఎందుకు నుజ్జయిపోతోంది?"

"గరిటె పెట్టి తిప్పుతున్నారాండీ?"

"తిప్పకపోతే ఎలా?"

"చేప వేశాక గరిటె పెట్టకూడదండీ. గిన్నె అంచులు పట్టుకుని ఊపాలి."

"ఇంత డేగిసా ఎవడు ఊపుతాడు తల్లీ! నీతోపాటు ఇంకో నలుగుర్ని తీసుకురా."

"వెడల్పు గిన్నెల్లో విడివిడిగా వండండి. పులుసు మరిగాక ముక్కలు వేయండి."

ఆయన వంటవాణ్ణి పిలిచి నా చేత మళ్ళీ చెప్పించారు. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాక నాకు తెలిసిన విషయం ఒకటి నన్ను అడగడం అదే మొదటిసారి. బయటికి వచ్చి హాస్టల్ వైపు నడుస్తుంటే రూతమ్మ గారు నేల చూస్తూ, "తలుపు మీద ఏదో రాస్తున్నారంట కదమ్మా" అన్నారు. అప్పుడు చెప్పాను, అంతా. వార్డెన్ దగ్గర ఆరో సంతకం అయింది. లైబ్రరీకి చేరేసరికి తాళం వేస్తున్నారు. "అయ్యో, మోకాలి వల్ల ఆలస్యం చేశాను. కాగితం నా దగ్గర ఉంటుంది, రేపు రా" అన్నారు. మర్నాడు నేను వెళ్ళలేదు. ఆ వారంలోనే నాకు వేరే గది ఇచ్చారు. ఆదివారం పులుసులో ముక్క ముక్కలాగే ఉంది.

చదువు పూర్తయి, కౌన్సెలింగులో డిప్లొమా చేసి, అదే సెక్షన్‌లో కాంట్రాక్టు ఉద్యోగానికి వచ్చాను. పిల్లలు ఏడు ఆఫీసులు తిరగడం నాకు అన్యాయమనిపించింది. ఏడు చోట్ల పనినీ ఒక కంప్యూటరులోకి తెచ్చాను. టీసీకి పదిహేను నిమిషాలు. మీటింగులో అందరూ మెచ్చుకున్నారు. రూతమ్మ గారు తెర వైపు చూసి, "బాగుందమ్మా నాగమణీ. నడక తప్పింది" అన్నారు. మెచ్చుకోలే అనుకున్నాను.

ఆ నెలలోనే దుర్గ అనే రెండో సంవత్సరం అమ్మాయి వచ్చింది. కామవరపుకోట దగ్గరి పల్లె. "ఇంటి దగ్గర వీలుపడటం లేదు మేడం" అంది. బటన్లు నొక్కాను, కాగితం తీశాను, స్టాంపు వేశాను. "చాలా ఫాస్ట్‌గా అయిపోయింది మేడం, థాంక్స్" అని వెళ్ళిపోయింది. సాయంత్రం రూతమ్మ గారు రిజిస్టరు చూసి అడిగారు.

"ఈ అమ్మాయి ఎందుకు వెళ్ళిపోయిందమ్మా?"

"సొంత కారణాలని రాసిందండీ."

"అది కాగితం చెప్పింది. పిల్ల ఏం చెప్పింది?"

ఆ ఊరు వెళ్ళి పిల్లనే అడుగుదామన్నారు. మర్నాడు ఇద్దరం సెలవు పెట్టాం. గూడెం బస్టాండుకు చేరేసరికి భీమడోలు బస్సు కదిలిపోతోంది. ఇంకోటి వస్తుందిలెండి, మీ మోకాలు అని నేను అనేలోపే ఆవిడ గొడుగు చంకన పెట్టుకుని, కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరుగెత్తారు. నేను ఆయాసపడుతూ చేరేసరికి ఫుట్‌బోర్డు మీద నిలబడి, "ఎక్కవేం, చూస్తావేం?" అంటున్నారు. సీట్లో కూర్చున్నాక చాలాసేపు ఆవిడ మోకాలి వైపే చూశాను.

"నొప్పి అంటారు కదండీ?"

"ఆఫీసులోనే వస్తుందమ్మా అది."

"ఇన్నేళ్ళూనా?"

"నేను గబగబా నడిస్తే పిల్లలు నా వెనకాల పడిపోతారు. వెనకాల నడిచేవాళ్ళు మాట్లాడరు" అని కిటికీ వైపు తిరిగారు. లైబ్రరీకి వేసిన తాళం కూడా అప్పుడు నాకు అర్థమయింది.

భీమడోలులో బస్సు మారి కామవరపుకోటలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాం. దుర్గ తల్లి మమ్మల్ని చూసి భయపడింది. "కాలేజీ నుంచాండీ? మా పిల్ల ఏమైనా తప్పు చేసిందాండీ?" అంది. "లేదండీ, తప్పు మాదే" అన్నారు రూతమ్మ గారు. మాది అన్నారు. నా వైపు చూడలేదు. దుర్గను ఏమీ అడగకుండా, "మీ తోట చూపిస్తావా అమ్మా? మెల్లగా నడుద్దాం, నాకు మోకాలు నొప్పి" అన్నారు. పామాయిల్ చెట్ల మధ్య ముగ్గురం నడిచాం. ఆ చివరకు వెళ్ళి తిరిగి వస్తుండగా దుర్గ చెప్పింది.

"బాత్రూంలో ఫిట్స్ వచ్చిందండీ. అప్పట్నుంచి నా పక్క మంచం మీద ఎవరూ పడుకోవడం లేదు. ఇలాంటి వాళ్ళని హాస్టల్లో ఉంచరు కదండీ. వాళ్ళు పంపేస్తే టీసీ మీద ఆ జబ్బు పేరు రాస్తారు. ముందే నేను వెళ్ళిపోతే ఏమీ రాయరని."

"ఉంచరని ఎవరన్నారు?" అన్నారు రూతమ్మ గారు.

"ఎవరూ అనలేదండీ. నేనే అనుకున్నా."

"మమ్మల్ని అడగాల్సింది కదమ్మా."

దుర్గ నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "అడుగుదామనే వచ్చానండీ. మేడం గారు చాలా ఫాస్ట్‌గా చేసేశారు."

అలాంటి నిబంధన ఎక్కడా లేదు. కానీ టీసీ చేతికిచ్చాక ఆ సీటు ఆ ఏడాదికి లేనట్టే. ఇద్దరం వారాల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగితే మరుసటి ఏడు చేర్చుకుంటామన్నారు. నేను ఒక మధ్యాహ్నం మిగిల్చాననుకున్నాను. ఆ అమ్మాయికి ఒక ఏడాది పోయింది. తిరిగి వచ్చినప్పుడు కింది అంతస్తులో గది ఇప్పించారు రూతమ్మ గారు. ఫిట్స్ వస్తే చేతిలో తాళం చెవులు పెట్టడం కాదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని తోటి పిల్లలకు డిస్పెన్సరీ నర్సు చేత నేర్పించారు. దుర్గ ఇప్పుడు ఒక బడిలో లెక్కలు చెబుతోంది. రూతమ్మ గారి సమాధి దగ్గరికీ వచ్చింది.

కామవరపుకోట నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడ తిడతారని ఎదురుచూశాను. తిడితే తేలికగా ఉండేది. భీమడోలు దాటాక, "నీ కంప్యూటరు మంచిదేనమ్మా. బస్సు పాసులకి వాడు" అన్నారు. అంతే. తరువాత ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. నేను టీసీని కంప్యూటరులోంచి తీసేశాను. ఎందుకని అడిగిన అధికారికి, ఏడు చోట్లకు మనిషి తోడు వెళ్ళాలండీ అని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

పదవీ విరమణ రోజున ఆవిడ నాకు సొరుగు తాళం ఇచ్చారు. అడుగున ఒక కాగితాల కట్ట. అన్నిటి మీదా ఆరేసి సంతకాలు. వెతికితే నాదీ దొరికింది. ఆటల సారు రాసిన "ఎప్పుడూ రాలేదు" అన్న మాట అలాగే ఉంది.

"ఇలా ఆపడం సరైనదేనాండీ?" అని అడిగాను. చాలాకాలంగా మనసులో ఉన్న ప్రశ్న.

"నేనెవర్నీ ఆపలేదమ్మా. మర్నాడు వచ్చి అడిగినవాళ్ళకి పొద్దున్నే లైబ్రరీ తెరిపించి సంతకం పెట్టించాను. వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కాగితాలు ఇందులో ఉండవు. ఇవి మళ్ళీ అడగనివాళ్ళవి."

ఇవాళ ఆ కట్ట పక్కనే స్టాంపు ప్యాడ్ ఉంది. ప్యాడ్ మూత పెట్టేశాను. ఎదురుగా ఉన్న అమ్మాయి దరఖాస్తు మీద రాసిన కారణం చదివాను. సొంత కారణాలు. వాన తగ్గింది గానీ చినుకు ఉంది. గోడకు తగిలించిన నల్ల గొడుగు తీసుకున్నాను.

"ఏడు చోట్ల సంతకాలు కావాలమ్మా. పద, నేనూ వస్తాను."

"ఎక్కడో చెప్పండి మేడం, నేను వెళ్తాను. మీకెందుకు?"

"ముందు ఆటల గది. ఆ చివర" అని వరండాలోకి వచ్చి గొడుగు విప్పాను. "కాస్త మెల్లగా వెళ్దాం. నాకు మోకాలు నొప్పి."